క్యాట్ రాయబోతున్న మేనకోడలికి

చిన్నీ,

ఐఐఎంలో ఎంబీఏ సీటు కోసం నువ్వు క్యాట్ పరీక్ష రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "మీ తమ్ముడు మాత్రం ఉలకడు, పలకడు వదినా" అని కూడా అంది. వాడెందుకు మాట్లాడటం లేదో నాకు తెలుసు, తర్వాత చెప్తాను. మనింట్లో ఒక ఆడపిల్ల ఐఐఎంకి వెళ్తానందని ఆ రోజంతా కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. రాత్రయ్యేసరికి భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో తీసుకుంటారు, ఆఖరి రోజుదాకా ఆగకు. పరీక్ష నవంబరు నెలాఖరున ఆదివారం నాడు. మాక్ టెస్టులు, అదే నమూనా పరీక్షలు, ఇప్పట్నుంచే రాయి. ఉద్యోగం మాత్రం మానకు. ఖాళీగా ఇంట్లో కూచుని చదివే పిల్లలకి ప్రతి మాక్ చావుబతుకుల సమస్య అయిపోతుంది. పైగా చాలా ఐఐఎంలు ఎంపికలో ఉద్యోగానుభవానికి మార్కులిస్తాయి. ఆడపిల్లలకీ కొన్ని మార్కులు కలుపుతాయి. అదేదో దయ అనుకుని సిగ్గుపడకు, తీసుకో.

ఇక మీ నాన్న సంగతి. నీకెప్పుడూ చెప్పి ఉండడు.

వాడూ క్యాట్ రాశాడు. అప్పట్లో కంప్యూటర్లు లేవు, కాగితం మీద పెన్సిలుతో గుండ్రాలు దిద్దాలి. రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి హైదరాబాద్ పంపించాం. లెక్కల్లో వాడికి ఊళ్ళో ఎదురులేదు. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి కూడా, చిక్కు లెక్క వస్తే వాణ్ణే అడిగేదాన్ని. ఆ రోజుల్లో ఏ సెక్షన్‌కి ఎంతసేపు ఖర్చు పెట్టాలో మనిష్టం. కానీ ఐఐఎం నుంచి ఇంటర్వ్యూకి కాల్ రావాలంటే మొత్తం మార్కులు చాలవు, ప్రతి సెక్షన్‌లోనూ కటాఫ్ దాటాలి. వాడు లెక్కలతో మొదలుపెట్టాడు. ఒక లెక్క తెగలేదు. తెగకపోతే వదిలే రకం కాదు కదా! చివరికి చేశాడు, సరిగ్గానే చేశాడు. ఇలా లెక్కలన్నీ ముగించి ఇంగ్లీషు తీసేసరికి టైమ్ లేదు. ఎంసెట్ రాసొచ్చిన చెయ్యి కదా, ఖాళీ వదలబుద్ధి కాక పాసేజీలు చదవకుండానే గుండ్రాలు నింపేశాడు. ఎంసెట్‌లో తప్పు రాస్తే పోయేదేమీ లేదు, క్యాట్‌లో కోత ఉంది. కాల్ లెటర్ రాలేదు. ఎందుకు రాలేదో వాడికి వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది. మరుసటి సంవత్సరం అప్లికేషన్ నేనే తెచ్చిచ్చాను. నింపలేదు. బ్యాంకు ఉద్యోగం వచ్చింది, చేరిపోయాడు. అక్కడ పేరు తెచ్చుకున్నాడు, నిన్ను చదివించాడు, లోటేమీ లేదు. కానీ వాడి కష్టం కొరగాకుండా పోలేదు, ఒక్క లెక్క దగ్గర ఆగిపోయింది. నేనది ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు అలా జరగదత్తా అంటావేమో. నిజమే, ఇప్పుడు మూడు సెక్షన్లకీ నలభయ్యేసి నిమిషాలు, టైమ్ అయ్యాక వెనక్కి వెళ్ళనివ్వరు. కానీ అదే తప్పు సెక్షన్ లోపల చెయ్యొచ్చు. ముఖ్యంగా రెండోదాంట్లో, పట్టికలూ తర్కం ప్రశ్నలూ ఉండే డీఐఎల్ఆర్‌లో. ఎనిమిది మంది, నాలుగు ఊళ్ళు, సగం గళ్ళు ఖాళీగా ఉన్న ఒక పట్టిక, దాని మీద కొన్ని ప్రశ్నలు ఇస్తారు, అదంతా కలిపి ఒక సెట్టు. పది నిమిషాలు కుస్తీ పడతావు, మూడు గళ్ళు నిండుతాయి. "ఇంత చేశాక వదిలేస్తానా" అనిపిస్తుంది చూడు, అక్కడే ఉంది ప్రమాదమంతా. పక్క సెట్టులో సులువైన ప్రశ్నలు నాలుగు నీకోసం కూచుని ఉంటాయి. అందుకని సెక్షన్ తెరవగానే సెట్లన్నీ ఒకసారి పైపైన చదువు. ఏది చెయ్యాలో, ఏది ముట్టుకోకూడదో అప్పుడే తేల్చుకో.

గుడ్డిగా పెట్టే అలవాటు కూడా మానుకో. నువ్వూ ఎంసెట్ పిల్లవే, 160 ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఖాళీ వదలకుండా పెరిగినదానివి. మన రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం ఐసెట్ రాసే పిల్లల్ని చదివించినప్పుడు నేనే చెప్పేదాన్ని, 200కి 200 పెట్టి రండర్రా అని. అక్కడ అది సరైన సలహా. క్యాట్‌లో ఒప్పుకి మూడు, తప్పుకి ఒకటి పోతుంది. నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెట్టి ఒకటి తగిలిందనుకో, వచ్చిన మూడూ తక్కిన మూడు తప్పులకి చెల్లు. మిగిలింది సున్నా, పోయింది టైమ్. ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసే ప్రశ్నల్లో మాత్రం కోత లేదు, అవి వదలకు. ఈమధ్య మొత్తం మార్కుల్లో సగం దగ్గరికి చేరినవాళ్ళకే 99 పర్సంటైల్ వచ్చింది, అంటే రాసినవాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మంది వాళ్ళ వెనకే. అన్నీ చెయ్యకపోతే ఓడిపోయినట్టు కాదని దానర్థం.

ఇంగ్లీషు నీకు బరువని తెలుసు. లెక్కలొచ్చిన పిల్లలంతా రోజూ లెక్కలే చేస్తారు, వచ్చినదే మళ్ళీ చేస్తే హాయిగా ఉంటుంది గనక. అలా చేశావంటే నేనొచ్చి చెవి మెలేస్తాను. రోజూ ఒక గంట ఇంగ్లీషు చదువు. నీకు పట్టని విషయాలే చదువు. తత్వం, చరిత్ర, కళలు, ఏదైనా సరే. రచయిత ఏమంటున్నాడో రెండు వాక్యాల్లో నాకు వాట్సాప్ చెయ్యి. తెలుగులో రాసినా పర్వాలేదు, అర్థమైందా లేదా అన్నదే కావాలి.

నవంబరులో పెళ్ళిళ్ళుంటాయి. దేనికీ రాకు. ఎవరేమన్నా నా పేరు చెప్పు. వేళకి తిను తల్లీ, ఆఫీసు నుంచి వచ్చి టీతో సరిపెట్టుకుంటున్నావట. విశాఖలో వచ్చినా సంతోషమే, అహ్మదాబాద్‌లో వచ్చినా సంతోషమే. ఈసారి రాకపోతే వచ్చే ఏడు రాద్దువుగాని. అప్లికేషన్ పక్కన పడేస్తే మాత్రం ఊరుకోను.

మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించు. కోప్పడితే పడనీ. తర్వాత ఒక డీఐఎల్ఆర్ సెట్టు వాడి ముందు పెట్టి, పక్కన గడియారం పెట్టు. నీకంటే ముందే తేలుస్తాడు.

ఆదివారం మాక్ రాశాక ఫోన్ చెయ్యి. మార్కులెన్నని అడగను, ఏ సెట్టు వదిలేశావో, ఎందుకు వదిలేశావో చెప్పు.

మీ అత్త