సందేహాలు – సమాధానాలు: పార్సీల అగ్ని, బైబిల్లో సాతాను

పోయిన సంచికలో పార్సీల (ఇరాన్ నుంచి వచ్చి భారతదేశంలో స్థిరపడ్డ జరతుష్ట్ర మతస్థుల) గురించి వచ్చిన వ్యాసం చదివి గోదావరి జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా కోనసీమ అగ్రహారాల్లో ఆహితాగ్నులు (ఇంట్లో వైదికాగ్నులు నిలుపుకున్నవారు) నిత్యాగ్నిహోత్రం చేస్తారు. పార్సీలూ అగ్ని ఆరకుండా కాపాడతారట. రెండూ ఒకటేనా? వాళ్లకు అగ్నే దేవుడా? – పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న. పార్సీలు కొలిచేది అహుర మజ్దా అనే దేవుణ్ణి. అగ్ని ఆయన సన్నిధికి గుర్తు, దానికెదురుగా నిలబడి ప్రార్థిస్తారు. ‘అగ్నిపూజకులు’ అంటే నొచ్చుకుంటారు కూడా.

మూలం మాత్రం ఒకటే. వాళ్ల మతప్రవక్త జరతుష్ట్రుడివని చెప్పే 17 గాథల (స్తోత్రాల) భాష ఋగ్వేద భాషకు బాగా దగ్గర. మన యజ్ఞం అక్కడ యస్న, సోమం హఓమ, మిత్రుడు మిథ్ర, యముడు యిమ. ఈ దగ్గరితనాన్ని బట్టే చాలామంది పండితులు జరతుష్ట్రుణ్ణి క్రీ.పూ. 1500–1000 మధ్య పెడతారు. అలెగ్జాండర్‌కు 258 ఏళ్ల ముందువాడన్న పాత లెక్క ఆ భాషకు పొసగదు.

ఆచరణ దగ్గర దారులు వేరయ్యాయి. ఆహితాగ్ని అగ్ని ఆ దంపతులది. అరణి కట్టెలు మథించి పుట్టిస్తారు. గుండ్రటి కుండంలో గార్హపత్యం, నలుపలకల దాంట్లో ఆహవనీయం, అర్ధచంద్రాకారంలో దక్షిణాగ్ని. పొద్దునా సాయంత్రం ఆహుతి. యజమాని పోతే ఆ అగ్నులతోనే దహనం, అక్కడితో వాటి పని తీరిపోతుంది. పార్సీల అగ్ని సంఘానిది, మనుషులు పోయినా అది ఉంటుంది. గుజరాత్‌లోని ఉద్వాడలో ఉన్న ‘ఇరాన్‌షా’ అగ్ని ఆ ఊరికి చేరిందే 1742లో, దాని వయసు అంతకంటే చాలా ఎక్కువ.

ఆ అగ్నుల్లో మూడు అంతస్తులున్నాయి: దాద్‌గాహ్, ఆతష్ ఆదరాన్, అన్నిటికంటే పైన ఆతష్ బెహరామ్. భారతదేశంలో ఆతష్ బెహరామ్‌లు ఎనిమిదే: ముంబైలో నాలుగు, సూరత్‌లో రెండు, నవసారిలో ఒకటి, ఉద్వాడలో ఒకటి. ఒక్కోదానికి 16 చోట్ల నుంచి అగ్ని తేవాలి. కుమ్మరి ఆవం, కమ్మరి కొలిమి, కంసాలి కుంపటి, ఇటుకబట్టీ, రొట్టెల పొయ్యి, పిడుగు పడి రగిలిన నిప్పు, చివరికి శవదహనపు చితి కూడా ఆ పదహారులో ఉన్నాయి. తెచ్చిన నిప్పును తెచ్చినట్టే వాడరు. చిల్లుల గరిటెలో గంధపుచెక్క పొట్టు పోసి మంటకు కాస్త ఎత్తున పట్టుకుంటారు. మంట తగలకూడదు, సెగకే పొట్టు అంటుకోవాలి. అలా పుట్టిన మంట మీద మళ్లీ కొత్త పొట్టు పడతారు. మైల కిందే ఉండిపోవాలి, వేడి మాత్రమే పైకి రావాలి, అదీ లెక్క. చితి నిప్పుకు ఈ తంతు 91 సార్లు జరగాలి.

ఆ తర్వాత రోజుకు ఐదు వేళలా పూజారి కట్టె వేసి, గంట మోగించి, ప్రార్థన చదువుతాడు. మూతికి ‘పదాన్’ అనే తెల్లగుడ్డ కట్టుకుంటాడు. ఊపిరీ ఉమ్మితుంపరా తగిలితే అగ్ని మైలపడుతుంది. నిప్పును నోటితో ఊదవద్దని మనుస్మృతీ చెప్పింది గానీ, మన వంటిళ్లలో ఊదుడుగొట్టం ముందు ఆ మాట ఎవరు విన్నారు!

ప్రశ్న: అగ్ని అంత పవిత్రమైతే శవాన్ని దహనం చేయరెందుకు? మాకు గోదావరి ఒడ్డున దహనం, నదిలో అస్థి నిమజ్జనం కదా? – పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పవిత్రం కాబట్టే చేయరు. చావు అంగ్ర మైన్యు అనే దుష్టశక్తి పని. ప్రాణం పోగానే శవాన్ని ‘నసు’ అనే మైల పడుతుంది. దాన్ని నిప్పుకీ నీటికీ మట్టికీ తగలనివ్వకూడదు. ఆ లెక్కన మన పద్ధతిలో రెండు దోషాలు, నిప్పుకొకటి, నీటికొకటి. అందుకే దఖ్మా అనే పైకప్పు లేని గుండ్రటి కట్టడంలో రాబందులు తినేలా పెడతారు. బయటి వరసలో మగవాళ్లు, నడిమి వరసలో ఆడవాళ్లు, లోపలి వరసలో పిల్లలు, మధ్యలో ఎముకల బావి.

శవానికి కుక్కను చూపించడం ఒక ఆచారం, ‘సగ్‌దీద్’ అంటారు. కళ్ల పైన రెండు మచ్చలుండి ‘నాలుగు కళ్ల’దిగా కనబడే కుక్క శ్రేష్ఠం. ఋగ్వేదం పదో మండలంలో యముడి దారి కాచే రెండు కుక్కలకూ నాలుగేసి కళ్లు. ఇది కాకతాళీయం కాదు.

ఇప్పుడు చిక్కల్లా రాబందులతోనే. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి కడుపులో చేరి, మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందు నిషేధించారు గానీ అప్పటికే గుంపులు పోయాయి. ముంబైలో సూర్యరశ్మిని కేంద్రీకరించే పలకలు పెట్టారు. వానాకాలం వాటితో పని సరిగా జరగదు. కొందరు పార్సీలు దహనానికీ మొగ్గుతున్నారు, సంప్రదాయవాదులు ఒప్పుకోరు.

ప్రశ్న: సాతాను, పునరుత్థానం, అంతిమ తీర్పు, అన్నీ జరతుష్ట్ర మతం నుంచే బైబిల్లోకి వచ్చాయని ఒక ఉపన్యాసంలో విన్నాను. నిజమేనా? – పాఠకుడు, నరసాపురం

జవాబు: ‘అన్నీ’ అన్నది ఎక్కువ మాట. వేదంతో ఉన్నది చుట్టరికం. యూదు, క్రైస్తవ మతాలతో ఉన్నది అప్పు అయితే, కొన్ని బాకీలకే ప్రోనోటు ఉంది.

పరిచయం ఖాయం. పారసీక రాజు కోరెషు (సైరస్) క్రీ.పూ. 539లో బబులోను గెలిచి యూదులను ఇంటికి పోనిచ్చాడు. యెషయా 45:1 ఆ అన్యరాజును యెహోవా అభిషేకించినవాడంది. తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు యూదులు పారసీకుల ఏలుబడిలోనే ఉన్నారు.

ప్రోనోటు దొరికే బాకీ తోబీతు గ్రంథంలో ఉంది. కాథలిక్కుల బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టంట్లది తిరగేస్తే కనబడదు. అందులోని అస్మోదేయు అనే దయ్యం జరతుష్ట్ర మతగ్రంథమైన అవెస్తాలోని కోపపిశాచి ‘అయేష్మ’ అని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు.

సాతాను సంగతి మీరే చూడొచ్చు. దావీదు జనాభా లెక్కించిన కథ 2 సమూయేలు 24:1లో యెహోవా కోపంతో మొదలవుతుంది. అదే కథకు తర్వాతి రూపమైన 1 దినవృత్తాంతములు 21:1కి వచ్చేసరికి పురికొల్పినవాడు సాతాను. చెడును దేవుడి మీద నుంచి తప్పించి వేరే వ్యక్తికి అప్పగించడంలో ఇరాన్ ప్రభావం ఉండొచ్చు. తేడా కూడా పెద్దదే. అంగ్ర మైన్యుని అహుర మజ్దా సృష్టించలేదు, సాతాను మాత్రం దేవుడి చేతికింది ప్రాణే. వెలుగూ చీకటీ రెండూ నావేనని యెషయా 45:7లో యెహోవా అనడం మంచికీ చెడుకీ వేర్వేరు మూలాలనే పారసీక ద్వంద్వానికి జవాబని కొందరి వాదన.

పునరుత్థానం దగ్గర జాగ్రత్త. చివరికి లోహం కరిగి నదిలా పారుతుందని, అది సజ్జనులకు గోరువెచ్చని పాలలా ఉంటుందని, పాపులు కూడా అందులో కడిగినట్టయి బయటపడతారని జరతుష్ట్ర మతగ్రంథం బుందహిష్న్ చెబుతుంది. మనకున్న ఆ గ్రంథరూపం క్రీ.శ. 9వ శతాబ్దం నాటిది, ఇస్లాం వచ్చాక రాసింది. ఒక్క దాన్నే పట్టుకుని ఎవరు ఎవరికి అప్పిచ్చారో తేల్చలేం. అయితే మనుషులు మళ్లీ బతుకుతారని మాగీలు (పారసీక పూజారులు) నమ్ముతారని క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థియోపోంపస్ చెప్పినట్టు తర్వాతివాళ్లు రాశారు. దానియేలు 12:2 కంటే అది ముందుది. కనుక ఆలోచన పాతదే, వివరాలు ఎప్పటివన్నదే తగవు.

ఆ ఉపన్యాసంలో మిథ్ర డిసెంబరు 25న పుట్టాడని కూడా చెప్పి ఉంటే, ఆ మాటకు ప్రాచీన ఆధారం లేదు.

ప్రశ్న: మన దేవతలు వాళ్లకు రాక్షసులు, మన అసురులు వాళ్లకు దేవుళ్లు. కొట్లాడుకుని విడిపోయారా? – పాఠకుడు, తణుకు

జవాబు: యుద్ధం జరిగిందనడానికి ఆధారం లేదు. ఋగ్వేదంలో వరుణుణ్ణీ అగ్నినీ కూడా అసురులనే పొగిడారు, ఆ మాట తర్వాత చెడ్డదైంది. అవెస్తాలో ఇంద్రుడు పిశాచాల జాబితాకెక్కాడు, ఆయన బిరుదైన వృత్రహనుడు మాత్రం వెరెత్రగ్న అనే పూజ్యుడయ్యాడు. ఆతష్ బెహరామ్‌లోని బెహరామ్ ఆయనే.

ప్రశ్న: సికింద్రాబాద్ వెళ్లినప్పుడు పార్సీ గుడి చూడనిస్తారా? ధన్‌సాక్ (పప్పు, మాంసం కలిపిన పార్సీ వంటకం) ఎప్పుడు వండుతారు? – పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: గుడి లోపలికి పార్సీలు కానివారిని రానివ్వరు, ఉద్వాడలోనూ అంతే. బయటి నుంచి చూసి రావాలి. పిల్లలకు మన ఉపనయనంలా చేసే నవజోత్‌కు పిలిస్తే మాత్రం నిక్షేపంగా వెళ్లండి. ఆ రోజు పిల్లకైనా పిల్లాడికైనా 72 పోగుల ఉన్ని ‘కుస్తీ’ నడుముకు మూడు చుట్లు చుడతారు. విందులో ధన్‌సాక్ అడగకండి. ఇంట్లో ఎవరైనా పోతే మూడు రోజులు మాంసం మాని, నాలుగో రోజున తినేది అది. శుభకార్యాల్లో వండరు.