టెక్ సందేహాలు: ఆఖరి క్షణపు కిక్కును షీట్‌లో తూచడం ఎలా?

ప్రశ్న: ఆఫీసు మిత్రులతో కలిసి ఫాంటసీ ఫుట్‌బాల్ (నిజమైన ఆటగాళ్ల గణాంకాలతో పాయింట్లు లెక్కగట్టుకునే ఆట) ఆడుతున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని డల్లాస్ కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ ఒత్తిడిలో ఎంతవరకు నిలబడతాడన్న వాదన మా మధ్య తెగడం లేదు. లెక్కతోనే తేల్చుదామని, ఎన్‌ఎఫ్‌ఎల్‌వర్స్ అనే గణాంకాల ప్రాజెక్టు ఉచితంగా ఇచ్చే ప్లే బై ప్లే (ఆటలోని ఒక్కో ఎత్తుకు ఒక్కో వరుస) సీఎస్‌వీ ఫైలును ఒక సీజన్‌కు డౌన్‌లోడ్ చేసుకున్నాను. గూగుల్ షీట్స్‌లో అది తెరుచుకోవడం లేదు. ఎక్సెల్‌లో తెరుచుకున్నా వందల కాలమ్‌లలో ఏది దేనికో అంతు చిక్కడం లేదు. చివరి రెండు నిమిషాల్లో ఎన్ని కొట్టాడో శాతం తీస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందుగా తెరుచుకోని ఫైలు సంగతి చూద్దాం. ఒక సీజన్ ఫైలులో దాదాపు 50 వేల వరుసలు, 370కి పైగా కాలమ్‌లు ఉంటాయి. రెండింటినీ గుణిస్తే కోటీ 80 లక్షల గడులు దాటుతాయి. గూగుల్ షీట్స్ ఒక ఫైలులో కోటి గడులకు మించి తీసుకోదు కనుక లోపం మీ కంప్యూటర్‌లో లేదు, ఇంటర్నెట్‌లోనూ లేదు. ఎక్సెల్‌లోని డేటా ట్యాబ్ నుంచి ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా ఫైలును తెచ్చి, ‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’ నొక్కి, ‘చూజ్ కాలమ్స్’లో మీకు అవసరమైన పదిహేను కాలమ్‌లను మాత్రమే ఉంచుకోండి. కిక్కర్ పేరు, కిక్ దూరం, ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని స్తంభాల నడుమ నుంచి పంపి మూడు పాయింట్లు తెచ్చే కిక్కు) ఫలితం, క్వార్టర్ (మ్యాచ్‌లోని నాలుగు భాగాల్లో ఏది), మిగిలిన సెకన్లు, స్కోరు తేడా, స్టేడియం పైకప్పు, ఉష్ణోగ్రత, గాలి, గెలుపు సంభావ్యత, సీజన్ రకం తప్పక ఉండాలి. ఆ తరువాత ఫీల్డ్ గోల్ ప్రయత్నం ఉన్న వరుసలనే వడకడితే సీజన్‌కు వెయ్యికి అటూ ఇటూగా మిగులుతాయి. అంత చిన్న ఫైలును షీట్స్ సులువుగా తెరుస్తుంది.

ఈ దశలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఫైలులో ‘ఎఫ్‌జీ ప్రాబ్’ అనే కాలమ్ ఒకటి కనిపిస్తుంది. ఆ పేరు చూసి అది ఈ కిక్కు గోల్ అయ్యే అవకాశమని అనుకోవడం సహజమే కానీ, మ్యాచ్‌లోని ఆ అర్ధభాగంలో తర్వాతి స్కోరు, బంతి చేతిలో ఉన్న జట్టు ఫీల్డ్ గోల్ ద్వారానే వచ్చే అవకాశాన్ని అది సూచిస్తుంది. దాన్ని కిక్కు కష్టానికి కొలతగా తీసుకుంటే లెక్క మొదట్లోనే దారి తప్పుతుంది. అలాగే పైకప్పు మూసిన స్టేడియంలలో ఉష్ణోగ్రత, గాలి కాలమ్‌లు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలను సున్నాలుగా నింపితే, చల్లని గాలి సోకని హాల్లో కొట్టిన కిక్కు సున్నా డిగ్రీల ఫారన్‌హీట్ చలిలో కొట్టినట్టు నమోదవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మన రోడ్ల మీద క్లచ్ అంటే ఎడమ కాలి కింది పెడల్. అమెరికన్ ఆటల భాషలో అది ఉత్కంఠ పతాకస్థాయికి చేరిన వేళ చెదరని నైపుణ్యం. చివరి రెండు నిమిషాల శాతం దాన్ని ఎందుకు కొలవలేదో రెండు కిక్కులు చెబుతాయి. 1991 జనవరి 27న జరిగిన లీగ్ ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్‌లో బఫలో బిల్స్ కిక్కర్ స్కాట్ నార్‌వుడ్ చివరి క్షణాల్లో కొట్టిన 47 గజాల కిక్కు స్తంభానికి కుడివైపుగా వెళ్లింది. ఆ జట్టు 20-19 తేడాతో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో ఓడింది. 2023 ఫిబ్రవరి 12న కాన్సస్ సిటీ చీఫ్స్ కిక్కర్ హారిసన్ బట్కర్ 8 సెకన్లు ఉండగా 27 గజాల కిక్కు కొట్టి 38-35తో సూపర్ బౌల్ గెలిపించాడు. శాతాల పట్టికలో మొదటిది సున్నా, రెండోది వంద. కానీ మధ్యలో 18 అడుగుల 6 అంగుళాల ఖాళీ ఉన్న రెండు స్తంభాల నడుమ నుంచి బంతిని 27 గజాల నుంచి పంపడం వృత్తి కిక్కర్‌కు దినచర్య. 47 గజాల నుంచి, అందులోనూ 1991 నాటి ప్రమాణాలతో, అది దినచర్య కాదు. (నార్‌వుడ్ కిక్కు మీ ఫైలులో వెదకవద్దు. ఆ సమాచారం 1999 నుంచే ఉంది.)

కనుక ప్రతి కిక్కుకూ ముందు ఒక ఆశించిన విలువ కట్టాలి. ఇటీవలి ఐదు సీజన్ల కిక్కులన్నిటినీ ఒకచోట చేర్చి, దూరాన్ని ఐదేసి గజాల మెట్లుగా విడదీసి, పివట్ టేబుల్‌తో (వరుసలను గుంపులుగా చేర్చి సగటు తీసే షీట్ సాధనం) ఒక్కో మెట్టుకు లీగ్ సగటు తీయండి. కిక్కర్లు ఏటేటా మెరుగుపడుతున్నారు కాబట్టి ఇరవై ఏళ్ల నాటి సగటుతో నేటివారిని తూచకూడదు. గోల్ అయితే 1, కాకపోతే 0 వేసి, అందులోంచి ఆ మెట్టు సగటును తీసివేయండి. సగటు 0.70 ఉన్న దూరం నుంచి కొట్టినవాడికి 0.30 జమ అవుతుంది, తప్పినవాడికి 0.70 ఖర్చు పడుతుంది. ఒత్తిడి అంటే ఏమిటో కూడా ఎవరి పేరూ చూడకముందే రాసి పెట్టుకోవాలి. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాలు గానీ అదనపు సమయం గానీ అయి, కిక్కర్ జట్టు స్కోరు తేడా మైనస్ 3 నుంచి 0 మధ్య ఉంటే, అంటే గోల్ అయితే స్కోరు సమం కావడమో ఆధిక్యం రావడమో జరిగితే, దాన్ని ఒత్తిడి కిక్కుగా లెక్కించడం నాకు సబబుగా తోస్తుంది. మీరు వేరే గీత గీసుకున్నా ఫరవాలేదు. ఫలితం చూశాక మాత్రం గీతను జరపకండి. వాదన గెలవాలన్న పట్టుదలతో అందరూ చేసేది అదే.

ఇంత చేసినా పట్టికకు అందని ఒక విషయముంది. ఒత్తిడి కిక్కర్లలో మేటి ఎవరంటే ఎక్కువమంది నోట వచ్చే పేరు ఆడమ్ వినటెరీ. 2002 జనవరి 19న మంచు ముంచెత్తుతుండగా ఓక్లండ్ రైడర్స్‌పై 45 గజాల నుంచి కొట్టి స్కోరు సమం చేసి, అదనపు సమయంలో 23 గజాల కిక్కుతో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను గెలిపించాడు. రెండు వారాలకు సూపర్ బౌల్‌లో 48 గజాల నుంచి ఆఖరి కిక్కు కొట్టి 20-17తో సెయింట్ లూయిస్ రామ్స్‌ను ఓడించాడు. 2004 ఫిబ్రవరి 1న కరొలైనా పాంథర్స్‌పై 4 సెకన్లు ఉండగా కొట్టిన 41 గజాల కిక్కు అతని కీర్తిని శాశ్వతం చేసింది. అయితే అదే మ్యాచ్‌లో అంతకుముందు 31 గజాల కిక్కు ఒకటి గురి తప్పింది, మరొకటి ప్రత్యర్థి చేతికి తగిలి ఆగిపోయింది. ఆ రెండూ గోల్ అయివుంటే ఆఖరి కిక్కు అవసరం పడేదో లేదో! 2023లో బట్కర్ కథా ఇంతే. ఆ మ్యాచ్‌లోనే 42 గజాల కిక్కు ఒకటి స్తంభానికి తగిలి బయటికి పోయింది. మొదటి క్వార్టర్‌లో పోయిన మూడు పాయింట్లూ చివరి క్వార్టర్‌లో వచ్చిన మూడు పాయింట్లూ స్కోరుబోర్డుపై సమానమే. మన జ్ఞాపకమే వాటిని వేర్వేరు తూనికరాళ్లతో తూస్తుంది. ఇంకోవైపు, ప్రతి మ్యాచ్‌నూ ఇరవై పాయింట్లతో గెలిచే జట్టు కిక్కర్‌కు ఒత్తిడి కిక్కు అనేదే దొరకదు. అవకాశం దొరకనివాడిని పిరికివాడనలేం కదా.

సంఖ్యలు ఎంత చిన్నవో కూడా చూడండి. కిక్కర్‌కు సీజన్‌కు ముప్ఫైకి అటూ ఇటూ ప్రయత్నాలు దక్కితే, పైన చెప్పిన నిర్వచనానికి సరిపోయేవి రెండో మూడో ఉంటాయి. ఇరవై ఒత్తిడి కిక్కులు పోగుపడటానికే ఏళ్లు పడుతుంది. ఒక్కో కిక్కుకు 80 శాతం అవకాశం ఉన్న మామూలు కిక్కర్ ఇరవైలో 18 లేదా అంతకన్నా ఎక్కువ కొట్టే సంభావ్యత ఎంతో షీట్స్‌లోని ‘బైనమ్ డిస్ట్’ ఫంక్షన్‌ను అడగండి. దానికి 17, 20, 0.8 ఇచ్చి, చివర ‘ట్రూ’ రాసి, వచ్చిన జవాబును 1 నుంచి తీసివేస్తే 0.206 వస్తుంది. అంటే ఐదుగురిలో ఒకరు. లీగ్‌లోని 32 జట్లలోనూ అచ్చంగా ఒకే స్థాయి కిక్కర్లు ఉన్నా, కేవలం అదృష్టం వల్లనే ఆరేడుగురు గుండె ధైర్యం గలవారిగా పేరు తెచ్చుకుంటారన్నమాట. ఇవాన్ మెక్‌ఫర్సన్ సిన్సినాటి బెంగాల్స్‌కు తొలి సీజన్‌లోనే ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ దశ) 14కు 14 కొట్టాడు. ఒక్కో కిక్కుకు 85 శాతం అనుకుంటే అలా జరిగే అవకాశం సుమారు పదింట ఒకటి. అబ్బురమే, అయినా అసాధ్యం కాదు. రెండో కొసన శాన్ డియాగో చార్జర్స్ కిక్కర్ నేట్ కేడింగ్ ఉన్నాడు. సాధారణ సీజన్లలో 86 శాతం దాటినవాడు ప్లేఆఫ్స్‌లో 15లో 8 మాత్రమే కొట్టాడు. దూరాలను పట్టించుకోకుండా 86 శాతాన్నే వాడితే అది నాలుగు వందలలో ఒకటి. ఒత్తిడి కాళ్లను కట్టేసిందనడానికి ఇది గట్టి సాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ ఆ తప్పిన వాటిలో 57 గజాలదీ ఒకటుంది. పైగా ఎందరో కిక్కర్లను చూశాక అందరికన్నా అడుగున ఉన్నవాడినే మనం ఏరుకున్నాం. ఏరి తెచ్చిన వరుసకు మామూలు సంభావ్యత వర్తించదు.

ఫైలులోని ‘తప్పింది’ అన్న మాటను కూడా యథాతథంగా నమ్మవద్దు. 2019 జనవరి 6న షికాగో బేర్స్ కిక్కర్ కోడీ పార్కీ కొట్టిన 43 గజాల బంతి స్తంభానికీ అడ్డకమ్మీకీ తగిలి బయటపడింది. జట్టు 16-15తో ఫిలడెల్ఫియా ఈగల్స్ చేతిలో ఓడి, నగరమంతా అతణ్ని నిందించింది. బంతి ఈగల్స్ ఆటగాడు ట్రేవాన్ హెస్టర్ వేళ్లను రాసుకుంటూ వెళ్లిందని తేలాక లీగ్ ఆ కిక్కును అడ్డుకున్నదిగా మార్చింది. అంతకు క్షణం ముందు ఈగల్స్ టైమ్‌అవుట్ తీసుకున్నప్పుడు అతను కొట్టిన బంతి స్తంభాల నడుమ నుంచే వెళ్లింది. అది లెక్కలోకి రాదు. 2016 జనవరిలో వైకింగ్స్ కిక్కర్ బ్లెయిర్ వాల్ష్ మిన్నెసోటాలో సున్నాకు దిగువ ఫారన్‌హీట్ చలిలో 27 గజాల కిక్కు పోగొట్టుకున్నప్పుడు, అవతలికి తిరిగి ఉండాల్సిన బంతి కుట్లు అతని వైపే తిరిగి ఉన్నాయి. కిక్కు కోసం బంతిని నేలపై నిలిపి పట్టుకునే హోల్డర్ చేతి పని ఏ కాలమ్‌లోనూ ఉండదు.

అందుకే నా సలహా ఇది. ఒత్తిడి కిక్కుల మొత్తం తేడాను కిక్కుల సంఖ్యతో నేరుగా భాగించకుండా, ఆ సంఖ్యకు 50 కలిపి భాగించండి. ఆరు ఒత్తిడి కిక్కులూ కొట్టినవాడికి ఒక్కోదాని ఆశించిన విలువ 0.80 అయితే 1.2 జమ అవుతుంది. నేరుగా భాగిస్తే 20 శాతం అదనపు ధైర్యం కనిపిస్తుంది, 50 కలిపితే 2 శాతమే. ఆ రెండు శాతమే మన దగ్గరున్న సాక్ష్యానికి తగిన మాట. మీ ఆబ్రీ విషయానికొస్తే, సాక్ష్యం అతని మొత్తం రికార్డులోనే ఎక్కువగా ఉంది. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేసిన ఆ మనిషి 2023లో లీగ్‌లో అడుగుపెడుతూనే వరుసగా 35 ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. ఒక్కోదానికి 85 శాతం చొప్పున అది వెయ్యింట మూడు నాలుగు సార్లు జరిగే పని. 2025 సెప్టెంబరులో జెయింట్స్‌పై ఆఖరి క్షణంలో 64 గజాల నుంచి సమం చేసి, అదనపు సమయంలో 46 గజాల నుంచి గెలిపించడం దానికి మెరుగు దిద్దింది. మీ మిత్రులతో వాదించేటప్పుడు రెండోదానికంటే మొదటిదాన్నే ముందు పెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ హైస్కూలు జట్టులో కిక్కర్. సాధనలో బాగా కొడతాడు, మ్యాచ్‌లో తడబడతాడని కోచ్ అంటున్నారు. స్మార్ట్‌వాచ్‌లో గుండె వేగం చూసి ఒత్తిడిని కొలవవచ్చా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: కొలవగలరేమో గానీ, అమ్మా, దానివల్ల మీకు ప్రయోజనం తక్కువ. వాచీ మణికట్టు మీద వెలుగు ప్రసరింపజేసి రక్తప్రవాహాన్ని పసిగడుతుంది. చెయ్యి విసిరినప్పుడు ఆ కొలత చెదురుతుంది. ఛాతీ పట్టీ మరింత నమ్మదగినది. అయినా మైదానంలోకి పరుగెత్తుకొచ్చినా, చలేసినా, ఉత్సాహం కలిగినా గుండె వేగం పెరుగుతుంది కాబట్టి పెరిగిన అంకెను భయమని చదవలేం.

మీ ఫోన్ కెమెరా ఇంతకన్నా పనికొస్తుంది. స్లో మోషన్‌ను సెకనుకు 240 ఫ్రేములకు పెట్టి, స్టాండ్ మీద పక్కనుంచి చిత్రీకరించండి. బంతి వెనక్కి విసిరిన క్షణం నుంచి కాలు తగిలే వరకు 1.3 సెకన్లు పడితే సుమారు 312 ఫ్రేములు వస్తాయి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో, ‘ఈ’ అక్షరపు కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ లెక్కించవచ్చు. సాధనలోనూ మ్యాచ్‌లోనూ ఇరవయ్యేసి కిక్కులు లెక్కగట్టి పోల్చండి. వీలుంటే గోల్ వెనక నిలబడి, బంతి నడిమికి ఎన్ని అడుగుల దూరంలో దాటిందో కూడా రాసుకోండి. హైస్కూలు స్తంభాల ఎడం 23 అడుగుల 4 అంగుళాలు కాబట్టి చాలా అస్తవ్యస్తమైన కిక్కు కూడా గోల్‌గానే నమోదవుతుంది. గోల్ అయిందా లేదా అన్నదానికంటే ఈ అడుగుల లెక్క ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతుంది.

ఫ్రేముల లెక్కను మాత్రం రెండు ముక్కలుగా విడదీయండి: బంతి హోల్డర్ చేతికి చేరి నేలకు ఆనేవరకు ఒకటి, అక్కడి నుంచి కాలు తగిలేవరకు ఇంకొకటి. మ్యాచ్ రోజున పెరుగుతున్నది మొదటి ముక్క అయితే, తడబడుతున్నది మీ అబ్బాయి కాదని ఆ వీడియోనే కోచ్‌కు చూపించవచ్చు.