స్టెతస్కోపు వెంట తీసుకెళ్ళు తల్లీ

చిట్టితల్లీ,

వృద్ధుల మానసిక వైద్యంలో స్పెషాలిటీకి చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఛాతీ ఉప్పొంగింది. ఆ వెంటనే, పగలంతా అలాంటి వార్డులో తిరిగొచ్చిన పిల్లకి రాత్రి ముద్ద దిగుతుందా అని బెంగ పట్టుకుంది. నేను జనరల్ మెడిసిన్ వాణ్ణి, నీ సబ్జెక్టు నీకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ ముసలివాళ్ళకి వైద్యం చేస్తూ చేస్తూ నేనూ ముసలివాణ్ణయ్యాను కనక ఒక్కటి అడుగుతాను: మనసు చదువులో పడి రోగి ఒళ్ళు మరిచిపోకు.

లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాసుకో. సీనియర్లతో వాదించు, నర్సులతో వద్దు. మందు తక్కువలో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలని నీకు తెలిసిందే.

నా పీజీ రోజుల్లో తుంటి ఎముక విరిగి ఆపరేషనైన ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. ముందురోజు దాకా నర్సుల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషి, ఆపరేషనైన రెండోనాటికి గోడవైపు తిరిగి పడుకున్నారు. తిండి లేదు, మాట లేదు. మా పెద్ద డాక్టరు మంచం దగ్గర నిలబడి ‘పాపం, దిగులు’ అని అమిట్రిప్టిలిన్ అనే దిగులు మందు రాశారు. గొడవ చేసే రోగి కాదుగా, ఎవరికీ తొందర లేదు. మర్నాటికి మగత ఎక్కువైంది. దిగులు ముదిరిందనుకుని మోతాదు పెంచబోతుండగా, రాత్రి డ్యూటీ సిస్టరు దుప్పటి సర్దుతూ పొత్తికడుపు మీద చెయ్యి వేసింది. మూత్రాశయం బొడ్డు దాకా ఉబ్బి ఉంది! ప్రోస్టేటు పెరిగిన మనిషికి, నొప్పి మందుల మీద, మూత్రాన్ని బిగించి మతిని తప్పించే మాత్ర పడింది. గొట్టం వేసి మూత్రం తీసి, ఆ మాత్ర ఆపాక మెల్లగా తేరుకున్నారు. మొదట అడిగింది కళ్ళజోడు.

ఆయనది డెలీరియం, అంటే ఒంట్లో తేడా వల్లో మందు వల్లో ఉన్నట్టుండి మతి తప్పడం. కేకలేస్తూ సెలైన్ పీకేసే రకాన్ని ఎవరైనా పట్టుకుంటారు. నోరెత్తకుండా పడుకునే రకమే చేజారిపోతుంది. దిగులు వారాల తరబడి కమ్ముతుంది. ఇది గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమను, ధ్యాస నిలుస్తోందో లేదో అక్కడే తెలుస్తుంది. డెలీరియాన్ని పట్టుకునేందుకు 1990లో వచ్చిన క్యామ్ పరీక్ష మీకుంది, మాకప్పుడు లేదు. అయినా కడుపు తడమడానికి ఏ పరీక్ష కావాలి?

ఇంట్లో లేని పిల్లలు కనబడుతున్నారనే పెద్దావిడ బిగుసుకుపోయి చిన్న చిన్న అడుగులు వేస్తుంటే, భ్రమలు తగ్గించే హాలోపెరిడాల్ రాసేముందు, ఇలాంటి లక్షణాలతోనే వచ్చే మతిమరుపు జబ్బు లూయీ బాడీ డిమెన్షియా గుర్తు తెచ్చుకో. కొద్ది మోతాదుకే కొయ్యబారిపోవచ్చు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం దిగులు మందు మొదలెట్టిన కొద్ది వారాల్లో కొత్తగా తికమక కనిపిస్తే రక్తంలో సోడియం పడిపోయిందేమో చూడు. ‘వయసైపోయింది, మతిమరుపు మామూలే’ అనే మాట మాత్రం నీ నోట వినకూడదు. తన పేరే పెట్టిన మతిమరుపు జబ్బుతో 1901లో ఆల్జీమర్ చూసిన తొలి రోగికి 51 ఏళ్ళే. ఇక ముసలితనపు డిప్రెషన్ నయమయ్యే జబ్బు. ఈసీటీతో, అదే మత్తిచ్చి చేసే కరెంటు వైద్యంతో, పెద్దవాళ్ళు ఎంత బాగా కోలుకుంటారో చూసినరోజు నీ బెంగా, నా బెంగా కొంత తీరుతుంది.

ఇంకోటి నా సొంత భయం అనుకో. జ్ఞాపకం ఎప్పటినుంచి తప్పుతోందో ఇంట్లోవాళ్ళే చెప్పాలి, నిజమే. కానీ ముందు రోగినే అడుగు, చెవి మిషన్ పెట్టుకున్నారో లేదో చూసుకుని మరీ అడుగు. మొన్న నా బీపీ చూసిన కుర్ర డాక్టరు నాకు విరేచనం అవుతోందా లేదా అని మీ బావని అడిగాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను!

నా మందుల చీటీ ఫోటో పంపుతున్నాను, చూడు. చాలానే ఉన్నాయి. రాత్రిపూట వేసుకునే దురద మాత్ర నీకు నచ్చదని తెలుసు, అదీ మాస్టారి మాత్రలాగే ముసలివాళ్ళ మతిని తికమక పెట్టగల రకమే. తిట్టాలంటే నాకే ఫోన్ చేసి తిట్టు, మీ బావకి చెప్పకు.

మీ మామయ్య