చీమిడి పచ్చగా వస్తే యాంటీబయాటిక్ వెయ్యాలా?

మూడేళ్ల బాబుకు నాలుగు రోజులుగా జలుబు, దగ్గు, చీమిడి పచ్చబడింది, డాక్టర్ యాంటీబయాటిక్ రాయలేదు, షాపులో అడిగి వెయ్యనా అన్నారు. వద్దండి. వైరస్ మీదికి వెళ్లే తెల్ల రక్తకణాలు చేరితే చీమిడి అలాగే పచ్చగా చిక్కబడుతుంది. ముక్కు, గొంతు వరకూ ఉండే జలుబు దాదాపుగా వైరస్‌దే, యాంటీబయాటిక్‌కి అది లొంగదు. వారం పది రోజుల్లో తగ్గుతుంది, దగ్గు మాత్రం రెండు మూడు వారాలు లాగుతుంది. మా పెద్దోడికి వానలు మొదలైతే ఇదే తంతు. దగ్గు సిరప్‌లు కూడా మీ అంతట మీరు కొనకండి. ఏడాది దాటిన పిల్లాడే కాబట్టి పడుకునే ముందు అర చెంచా తేనె నాకించండి.

మీరు చూడాల్సింది ఊపిరి. మా చిన్నదానికి ఏడాది దాటిన కొత్తలో చీమిడి దాదాపు ఆగిపోయింది, తగ్గిందిలే అనుకుంటుండగా మళ్లీ జ్వరం. పాలు వద్దంటుంది, ఆడుకోదు. మా చీమకుర్తిలో ఆశా వర్కర్ అమ్మాయి వచ్చి, నిద్రపోతున్న పిల్ల గౌను పైకెత్తి, ఫోన్‌లో టైం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. యాభై దాటాయి. "డొక్కలెగరేస్తోందక్కా, ఇప్పుడే ఒంగోలు తీసుకుపోండి" అంది. ఎక్స్‌రేలో న్యుమోనియా. అది గొంతు దిగి ఊపిరితిత్తుల్లోకి పోయిన ఇన్ఫెక్షన్, మా చిన్నదానికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడ్డాయి. ముక్కు కారే పెద్దోడికి అక్కర్లేదు, ముక్కు ఆరిన చిన్నదానికి కావాల్సొచ్చింది!

లెక్క ఇదీ: రెండు నెలల్లోపు పసివాళ్లకి నిమిషానికి 60, ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40. అంతకు చేరినా, దాటినా ఆస్పత్రికే. ఏడుస్తున్నప్పుడో ఒళ్లు కాలుతున్నప్పుడో లెక్కపెడితే ఎక్కువే వస్తుంది, కాస్త నెమ్మదించాక మళ్లీ చూడండి. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, పెదాలు నీలంగా మారినా, ఏమీ తాగలేకపోతున్నా మాత్రం లెక్కలతో పన్లేదు, బండెక్కండి.

మీ ఆయన క్వారీలో పనిచేస్తారని, నెలగా దగ్గుతున్నారని చివర్లో ఒక ముక్క రాశారు. నాకైతే బాబు కన్నా అదే ఎక్కువ టెన్షన్. రెండు వారాలు దాటిన దగ్గుకి తెమడ పరీక్ష చేయించాలి, గవర్నమెంట్ ఆస్పత్రిలో ఉచితం. రాతి దుమ్ము పీల్చే వాళ్లకి టీబీ తొందరగా పట్టుకుంటుంది. ఒకవేళ ఉందని తేలితే బాబుకీ పరీక్ష చెయ్యమని అక్కడే అడగండి.