పక్కింటివాళ్ళ సంగతి

చిరంజీవి రఘుకు,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో. ఇజ్రాయెల్‌లోని స్దేరోత్‌లో ఆ ముసలామె కీర్తనల పుస్తకం తెరిచేముందు, అట్ట ఊడిపోకుండా చుట్టిన రబ్బరు బ్యాండు తీసి మణికట్టుకు వేసుకుంటుందే, అది బాగుంది. మెచ్చుకోలు ఇంతటితో సరి.

సైరన్ మోగింది. ఆమె వరండాలోంచి కదలకుండా, దేవుడే కాపాడతాడనే 91వ కీర్తన మొదటినుంచి చివరిదాకా చదివింది. రాకెట్ పక్కింటి మీద పడింది. అక్కడ నువ్వేం రాశావు? "పక్కింటివాళ్ళకు అంత నమ్మకం లేదు." ఆ ఒక్క వాక్యమే నాచేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

ముందు లెక్క చూడు. గాజాకు అంత దగ్గరున్న ఆ ఊళ్ళో సైరన్ మోగాక దాక్కోడానికి దొరికేది 15 సెకన్లు. ఆ కీర్తనకు 16 వచనాలు. ఎంత గబగబా చదివినా సగంలోనే రాకెట్ వచ్చి పడుతుంది.

యూదుల పెద్దలకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు. ప్రమాదమున్న చోట నిలబడి 'నాకోసం అద్భుతం జరుగుతుందిలే' అనుకోవద్దంటుంది తాల్మూద్, వాళ్ళ ధర్మచర్చల గ్రంథం. జరగకపోవచ్చు, జరిగినా నీ పుణ్యంలోంచి ఆ మేరకు కోత పడుతుందిట! ప్రాణం మీదికొస్తే సబ్బాతు (వారానికోసారి పని మానే విశ్రాంతి దినం) నియమాన్నయినా పక్కన పెట్టమన్న మతం అది. నీ ముసలామె నిజంగా భక్తురాలైతే ముందు లోపలికి పరిగెత్తి, ఆ తర్వాత పుస్తకం తీసేది.

ఆ కీర్తనేమీ మామూలుది కాదు. తాల్మూద్‌లో దానికి 'ఆపదల పాట' అన్న అర్థం వచ్చే పేరుంది. మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దొరికిన ఒక పాత రాతప్రతి చుట్టలో దయ్యాల్ని వెళ్ళగొట్టే పాటల పక్కన అది కనిపిస్తుంది. రబ్బీ (యూదు మతగురువు) యెహోషువ బెన్ లేవి దాన్ని చదువుకుని పడుకునేవాడట. ఆ మాట చెప్పీచెప్పగానే తాల్మూద్ అడ్డుతగులుతుంది: లేఖన వాక్యాలతో వైద్యం చేసుకోకూడదన్నది ఆయనే కదా? జవాబు: రక్షణ కోసమైతే అది వేరు. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమొనిడీస్ కూడా గాయం మీద వచనాలు ఊదేవాణ్ణి కడిగేశాడు, ఆత్మకు మందైనదాన్ని ఒంటికి మందు చేస్తున్నాడని. ఒంట్లో బాగున్నవాడు ఆ పుణ్యం కాపాడుతుందని చదువుకుంటే మాత్రం ఫరవాలేదన్నాడు. చూశావా, ఎంత సన్నని గీతో! నీ కథలో ఆ పేచీ ఏదీ? నమ్మినవాడికీ నమ్మకానికీ మధ్య తగువు లేకపోతే అది కథ కాదు, తాయెత్తు. నలభయ్యేళ్ళుగా ఇదే చెప్తున్నాను, ఎవరూ వినరు. ఇప్పుడేమో ప్రతి కథా ఆఖర్న దీపం వెలిగించాలిట!

పోలండ్‌లోని వార్సాలో కలోనిమస్ కల్మన్ షపిరా అనే రబ్బీ ఉండేవాడు. 1939 సెప్టెంబరులో జర్మన్ బాంబులు ఆయన ఒక్కగానొక్క కొడుకునీ కోడలినీ పొట్టనబెట్టుకున్నాయి. ఆయన ఘెట్టోలో, అంటే నాజీలు యూదుల్ని బంధించిన పేటలో, 1942 దాకా ప్రసంగాలు చేస్తూనే ఉన్నాడు. ఆ కాగితాలు భూమిలో పాతిపెడితే యుద్ధం అయ్యాక బయటపడ్డాయి. ఆయన్ని 1943లో చంపేశారు. ఇలాంటి కష్టాలు మనకు ముందూ వచ్చాయని ఒకచోట చెప్పినవాడు, తర్వాత అదే రాతకు ఒక ముక్క చేర్చాడు: ఇంతటివి ఎన్నడూ లేవని. ఆయనకు నమ్మకం చాలలేదంటావా?

నాకింత మంట ఎందుకో కూడా చెప్తాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో మా మేనత్త పోయింది. విష్ణు సహస్రనామం ఆవిడకు కంఠస్థం, ఒక్క పూట మానింది లేదు. మూడోరోజు తుమ్మకంపలో దొరికింది. చీర సగం లేదు. మిగిలిన కొంగుకు తాళంచెవుల గుత్తి మాత్రం ముడి జారకుండా ఉంది. ఆ గుత్తి మీద కథ రాశాను, నా మొదటి కథ. ఎడిటరుగారు ముగింపు మార్చేశారు. పాఠకులు బాధపడతారట! నా అత్తను చెట్టెక్కించి, నామం జపింపజేసి, తెల్లారేసరికి పడవెక్కించి బతికించేశారు. పుస్తకం ఇంటికొచ్చాక మా నాన్న చదివి, మడిచి చూరులో దోపాడు. ఒక్క మాట అనలేదు. 25 రూపాయల మనియార్డరు వస్తే నేను సంతకం పెట్టి తీసుకున్నాను. ఆ ఎడిటరు మీద కసి ఇంకా పోలేదు, నా సంతకం మీద కూడా.



కథ తిప్పి పంపుతున్నాను. ముసలామెను లోపలి గదిలోకి పంపు, రబ్బరు బ్యాండు చేతికే ఉండనీ. పక్కింటివాళ్ళకు పేర్లు పెట్టు. ఎంతమందో, ఆ రాత్రి ఏం వండుకున్నారో, ఈవిడ దగ్గర ఏం బదులు తీసుకుని ఇంకా ఇవ్వలేదో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు