ఎల్‌పీజీ మీద కార్బన్ డయాక్సైడ్ తగ్గితే లీకు ఉన్నట్టేనా?

మీ బండి పొగ పరీక్షలో పెట్రోలు మీద 15 శాతం ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఎల్‌పీజీ మీద 13కు పడిపోయిందని, సైలెన్సర్‌లో లీకు ఉందేమోనని రాశారు. దయచేసి సైలెన్సర్ విప్పకండి! ఎల్‌పీజీలో ఉండే ప్రొపేన్‌లో కార్బన్‌కు హైడ్రోజన్ నిష్పత్తి పెట్రోలులో కన్నా ఎక్కువ. అందుకే ఆక్సిజన్‌లో పెట్రోలు మీద కన్నా ఎక్కువ వంతు నీరుగా మారిపోతుంది, కాబట్టి ఆ తగ్గుదల సహజమే. లీకు ఉంటే ఆక్సిజన్ అంకె పెరగాలి, మీ 0.2 శాతంలో ఆ జాడ లేదు.

నన్ను కలవరపెడుతున్నది 1.2 శాతం కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలు మీద అది దాదాపు సున్నా అంటున్నారు గనుక పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ బాగానే ఉన్నట్టు. గ్యాస్ మిశ్రమమే చిక్కగా, అంటే గాలికి మించిన ఇంధనంతో, వెళ్తోంది. ద్రవ ఎల్‌పీజీని ఆవిరిగా మార్చే వేపరైజర్ పూర్తిగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతే ఎల్‌పీజీ కిట్ ట్యూనింగ్ సరిచేయించాలి.

అన్నట్టు, పొగను కొలిచే ఎనలైజర్‌లో ఇంధనం సెట్టింగును ఎల్‌పీజీకి మార్చారా? మార్చకపోతే హైడ్రోకార్బన్ల అంకెను, గాలి-ఇంధన నిష్పత్తిని నమ్మకండి. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు సరిపడే గాలి 14.7 వంతులైతే, ఎల్‌పీజీకి సుమారు 15.6.