బొంత ఆగిపోయింది, తీగ ఆగడం లేదు

ప్రశ్న: నా వయసు 59. ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది దాటింది. మా అమ్మాయికి ఇంకో రెండున్నర నెలల్లో కాన్పు. పుట్టబోయే బిడ్డకి నా చేత్తో బొంత కుట్టి ఇస్తానని మాటిచ్చాను. అడ్డం ఏడు, నిలువు ఏడు, మొత్తం 49 గళ్లు. మూడో వరస దగ్గర ఆగిపోయి ఆరు వారాలైంది. మూలలు కలవడం లేదని ఒకే అతుకుని నాలుగుసార్లు విప్పాను. ఈలోగా మేడమీద ఆరు సంచుల్లో చిలగడదుంప తీగ నాటాను. నాటి రెండు నెలలైంది. రోజూ నీళ్లు పోస్తున్నాను, వారం వారం ఎరువు వేస్తున్నాను. ఆకు గుబురుగా ఉంది కానీ మొన్న ఒక సంచి తిరగేస్తే పెన్సిలంత వేళ్లు తప్ప ఏమీ లేవు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. మావారి కాలికి గదిలో గుండుసూది గుచ్చుకుంది. అదే వారం మేడ మెట్ల దగ్గర తీగ తట్టుకుని పడబోయారు. "ఇవన్నీ తీసి పారెయ్, నువ్వు ఏదీ పూర్తిచెయ్యవు" అన్నారు. మూడేళ్ల కిందట మనవడికి కుట్టిన బొంతని కోడలు ఇప్పటికీ బీరువాలోంచి తియ్యలేదు. మొక్కలా, కుట్టా, రెంటిలో ఏది మానుకోమంటారు?

జవాబు: ఏదీ మానుకోవద్దమ్మా. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోడలి సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లిపోయారు. నాకు మాత్రం ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపించింది.

అక్కడికి తర్వాత వద్దాం. ముందు మీ రోజు ఎలా గడుస్తోందో చూడండి. పొద్దున్న లేవగానే మేడెక్కుతున్నారు. నీళ్లు, ఎరువు, ఆకు తిప్పి చూడటం, మట్టి కెలకడం. దిగి వచ్చేసరికి ఎండెక్కుతుంది, ఒళ్లు అలుస్తుంది, మిషన్ మీద కవరు అలాగే ఉంటుంది. చిలగడదుంపకి ఈ సేవ అక్కర్లేదు. నాటిన మొదటి వారం పది రోజులు తడి ఆరకుండా చూసుకుంటే, వేరు పట్టాక అది తన పని తాను చేసుకుపోయే తీగ. బొంత అలా కాదు. మీరు కూర్చుంటేనే ఒక కుట్టు ముందుకెళ్తుంది. పట్టించుకోనక్కర్లేని దాన్ని రోజంతా పట్టించుకుంటున్నారు, కూర్చోవాల్సిన దాని దగ్గరికి ఆరు వారాలుగా వెళ్లడం లేదు. ఇది బద్ధకం కాదు. ఏదీ పూర్తిచేసే అలవాటు లేకా కాదు. రిటైరయ్యేదాకా ఉద్యోగం చేసి ఇల్లు నడిపిన మనిషి "పూర్తిచెయ్యని మనిషి" ఎలా అవుతుంది? ఆ మాటని మీరు నమ్మడం మొదలుపెట్టారు. నాకు బాధ కలిగించింది అదే.

బొంతలో తప్పు అందరి కళ్లకీ కనిపిస్తుంది. మట్టిలో తప్పు ఎవరికీ కనపడదు. అందుకే మీ చేతులు మట్టిలోకి పారిపోతున్నాయని నా అనుమానం. ఒకసారి ప్రేమగా కుట్టి ఇచ్చింది బీరువాలోకి వెళ్లిపోయింది. "బాగోలేదు కాబోలు" అని మీకు మీరే తీర్పు చెప్పుకున్నారు. ఈసారి ఒక్క మూల కూడా తేడా రాకూడదని పట్టుబట్టారు. ఆ పట్టుదలే మూడో వరస దగ్గర మిమ్మల్ని ఆపేసింది.

మూలలు ఎందుకు కలవడం లేదో చెబుతాను, అది మీ చేతి లోపం కాదని తెలుస్తుంది. మీ గళ్లు కత్తిరించినప్పుడు ఆరున్నర అంగుళాలు అనుకుందాం, అటూ ఇటూ పావు అంగుళం అతుకు పోతే ఆరు అంగుళాలు మిగలాలి కదా. కుట్టు ప్రతి అతుకులో ఒక్క మిల్లీమీటరు లోపలికి వెళ్లిందనుకోండి. రెండు ముక్కల్లోంచీ పోతుంది కాబట్టి అతుక్కి రెండు మిల్లీమీటర్లు. ఏడు గళ్ల వరసలో ఆరు అతుకులు. చివరికొచ్చేసరికి 12 మిల్లీమీటర్లు, దాదాపు అర అంగుళం తేడా! కంటికి ఆనని ఒక్క మిల్లీమీటరు చేసే పని ఇది. దీనికి విప్పడం మందు కాదు. విప్పిన కొద్దీ నూలు అంచు పోగులూడి, ఉన్న పావు అంగుళం కూడా తరిగిపోతుంది. సూది దగ్గర నుంచి ఆరు మిల్లీమీటర్లు టేపుతో కొలిచి, మిషన్ పలక మీద ఒక మందపాటి అంటుడు పట్టీ వేయండి. గుడ్డ అంచు దానికి ఆనించి నడిపిస్తే చాలు. ఇంకొకటి, మొదటి వరస అతుకులన్నీ కుడివైపుకి, రెండో వరసవి ఎడమవైపుకి మడిచి ఇస్త్రీ చేయండి. రెండు వరసల్నీ ఎదురెదురుగా పెట్టి బొటనవేలితో తడిమితే, ఒక అతుకు గట్టు ఇంకో అతుకు గట్టుకి ఠక్కున తగిలి ఆగుతుంది. అక్కడ గుండుసూది గుచ్చండి. కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. ఇస్త్రీ అన్నాను గదా, పెట్టెని గుడ్డ మీద లాగకండి. పైనుంచి అద్ది ఎత్తండి. లాగితే గడి ఏటవాలుగా సాగిపోయి మళ్లీ అదే తంటా.

మూడో వరసలో ఇప్పటికే తేడా వచ్చిన ఆ మూలని మాత్రం అలాగే వదిలెయ్యమని అడుగుతున్నాను. నాలుగుసార్లు విప్పారు, చాలు. మధ్యలో నూలు దూది పొర వేసి కుట్టిన బొంత ఒక్కసారి ఉతికితే గుడ్డ కొంచెం ముడుచుకుని ఒళ్లంతా సన్నటి ముడతలు వస్తాయి. రెండు మిల్లీమీటర్ల తేడాని ఆ ముడతల్లో ఎవరూ వెతకలేరు. అయితే పై గుడ్డలు ముందే ఉతికారో లేదో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఉతక్కపోతే ముదురు రంగు ముక్కొకటి తెల్లగుడ్డలో చుట్టి తడిపి చూడండి, రంగు దిగేది పసిబిడ్డ బొంతలో వద్దు.

గడువు గురించి ఒక ముఖ్యమైన మాట. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు ఒంటి మీద గానీ పక్కన గానీ బొంతలు, దిళ్లు లాంటి మెత్తటివి ఉంచవద్దని వైద్యులు చెబుతారు. మొహం మీదికి వస్తే ఊపిరి ఆడదు. కాబట్టి మీ బొంత కాన్పు రోజుకి సిద్ధంగా లేకపోతే కొంప మునిగేదేమీ లేదు. మెలకువగా ఉన్న బిడ్డని పెద్దవాళ్ల ఎదురుగా, నేల మీద పరిచి దాని మీద పడుకోబెట్టడానికి మొదట పనికొస్తుంది. కప్పుకునే రోజు ఏడాది తర్వాత. బొత్తాలు, పూసలు మాత్రం కుట్టకండి. అమ్మాయికి ఈ సంగతి ముందే చెప్పండి, ఆమె కూడా మీ నుంచి పెద్ద బరువు దించుతుంది. ఈ రెండున్నర నెలలూ మీ మీద వేలాడుతున్న గడువు మీరు పెట్టుకున్నదే, ఆ బిడ్డ పెట్టింది కాదు.

ఇప్పుడు దుంప. ఆరిట్లో ఒక సంచి పోయింది, ఐదున్నాయి. చిలగడదుంప చేతికి రావడానికి మామూలుగా మూడున్నర నుంచి నాలుగు నెలలు, కొన్ని రకాలకి ఐదు. ఏ వేరు దుంపగా మారాలన్నది మొదటి కొన్ని వారాల్లోనే మొదలవుతుంది గానీ, ఊరడం అనేది ఆ తర్వాతి నెలల పని. రెండో నెలలో పెన్సిలంత వేరు కనిపించిందంటే మీ పంట పాడైనట్టు కాదు, మీరు తొందరపడి చూశారు, అంతే. కాకపోతే ఒక తప్పు జరుగుతోంది. వారం వారం ఎరువు. నత్రజని ఎక్కువైతే తీగ ఆకు మీద ఆకు వేస్తుంది, కిందికి పంపడం మర్చిపోతుంది. మీరు మెచ్చుకుంటున్న ఆ గుబురు దానికే గుర్తు. నేటితో ఎరువు ఆపండి. నీళ్లు కూడా రోజూ వద్దు. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి గుచ్చి చూసి, అక్కడ పొడిగా తగిలితేనే పోయండి. మరీ ఎండగట్టి ఒక్కసారిగా ముంచెత్తితే దుంప పగులుతుంది, కాబట్టి వేలితో చూడటం మానకండి. సంచిలో మట్టి దిగి దుంప తల బయటపడినా, పగుళ్లు ఇచ్చినా పైనుంచి మట్టి కప్పండి. ముక్కుపురుగు ఆ పగుళ్లలోంచే దుంప దాకా దిగుతుంది. మీరు మేడ మీద చెయ్యాల్సిన పని ఇంతే.

తిరగేసిన సంచిలోని తీగని పారెయ్యకండి. చివర్ల నుంచి జానెడుకి కొంచెం పైగా ముక్కలు కోసి, కింది ఆకులు తుంచి, మూడు నాలుగు కణుపులు మట్టిలో ఉండేలా పడుకోబెట్టి నాటండి. ప్రతి కణుపూ వేరు వేస్తుంది. అది వెనకగా వచ్చే పంట. అన్నట్టు, కోసిన చోట తెల్లటి పాలు కారతాయి. చేతికి అంటి ఆరితే నల్లటి జిగురు మరక. సబ్బుతో వెంటనే పోదు, ముందు నూనె రాసి తుడవాలి. ఆ చేత్తో లేతరంగు గుడ్డ ముట్టుకుంటే మీ బొంత గతి ఏమిటో చెప్పక్కర్లేదు. అందుకే వరస మార్చమంటున్నాను. పొద్దున్న వెలుతురు బాగున్నప్పుడు, చేతులు పొడిగా శుభ్రంగా ఉన్నప్పుడు కుట్టు. సాయంత్రం మేడ, అదీ వారానికి రెండు మూడుసార్లు.

ఇక మీవారు. ఆయన మాట పరుషంగా వచ్చింది, ఒప్పుకుంటాను. "నువ్వు ఏదీ పూర్తిచెయ్యవు" అన్నందుకు మీరు నొచ్చుకున్నారని ఆయనకి చెప్పాలి కూడా. కానీ గుండుసూది గుచ్చుకున్నది నిజం, తీగ తట్టుకున్నది నిజం. ఈ వయసులో మెట్ల మీద పడటం చిన్న సంగతి కాదు. రేపు వాదించడానికి ముందు ఈ రెండు పనులూ చేసేయండి. గుండుసూదులు లెక్కపెట్టి డబ్బాలో వేయండి, లేచేముందు మళ్లీ లెక్క చూసుకోండి. ఒక అయస్కాంతాన్ని నేల మీద తిప్పితే జారిపోయినవి దొరుకుతాయి. తీగల్ని దారిలోకి పాకనివ్వకుండా సంచి చుట్టూనే తిప్పి, మిగిలిన గుడ్డ పీలికలతో ఒక కర్రకి వదులుగా కట్టండి. ఎక్కువ కత్తిరించకండి, ఆకు పోతే దుంపకి అన్నం పెట్టేవాళ్లు ఉండరు. ఇవి ఆయన కంటపడ్డాక, "మీరన్నది నిజమే, సర్దేశాను. కానీ ఆ మాట నన్ను బాగా నొప్పించింది" అనండి. ముందు సర్దుబాటు, తర్వాత నొప్పి. ఈ వరసలో చెబితే ఆయన వింటారని నా నమ్మకం.

మీరు రాసిన రోజంతటిలో ఆయనకి చోటు ఎక్కడా కనపడలేదు. పొద్దున్నంతా మేడ మీద మీరు, కింద ఒంటరిగా ఆయన. బొంతకి పొరలు పరిచే రోజు ఆయన్ని పిలవండి. అడుగు గుడ్డ నాలుగు వైపులా రెండు మూడంగుళాలు పెద్దదిగా ఉండాలి, దాని మీద దూది పొర, దాని మీద మీ 49 గళ్లు. ఒకరు లాగి పట్టుకుంటే, ఇంకొకరు నడిమధ్య నుంచి బయటికి, అరచెయ్యి వెడల్పుకొక పిన్నీసు పెట్టాలి. ఒక్కళ్లు చేస్తే అడుగున ముడత పడి కుట్టులో ఇరుక్కుపోతుంది. అలాగే దుంప తవ్వే రోజూ ఇద్దరుండాలి. సంచి పక్కకి ఒరిగించి, ఒకరు గోనె పట్టుకుంటే ఒకరు చేత్తో మట్టి తియ్యాలి. కొత్త దుంప తోలు ఎంత పల్చగా ఉంటుందంటే గోరు తగిలినా ఊడిపోతుంది.

కోడలి విషయం చివరికి ఉంచాను, కష్టమైనది కాబట్టి. మూడేళ్లుగా మీరు అడగలేదు, ఆమె చెప్పలేదు. బీరువాలో పెట్టడానికి నచ్చకపోవడం ఒక్కటే కారణం కాదు. పాడవుతుందేమోనని దాచేవాళ్లు ఉంటారు. ఉతికితే ఏమవుతుందోనని భయపడేవాళ్లు ఉంటారు. ఫోను చేసి కబుర్లు అయ్యాక మామూలుగా, "అమ్మా, బాబు బొంత ఎలా ఉంది? మరకలైనా ఫరవాలేదు, వాడుకోండి. ఎలా ఉతకాలో చెబుతాను" అనండి. అంతకుమించి ఒక్క ముక్క కలపొద్దు. "నచ్చలేదా" అని అడిగితే ఆమె మర్యాదకి అబద్ధం చెప్పాల్సి వస్తుంది. వాడమని మీ నోటితో అనుమతి ఇస్తే, దాచుకున్నదైతే బయటికొస్తుంది. నిజంగానే నచ్చలేదంటే కూడా, ఒక బొంత నచ్చకపోవడం అనేది మీరు నచ్చకపోవడం కాదు. ఈ ఫోను కొత్త బొంత పూర్తికాకముందే చేయండి. లేకపోతే దీని ప్రతి కుట్టులోనూ ఆ బీరువా తలుపే కనిపిస్తుంది.

ఇంకో రెండు నెలలకి ఐదు సంచులూ తవ్వుతారు. తవ్విన దుంపల్ని కడక్కండి, మట్టి దులిపి, దెబ్బతిన్నవి ముందు వండుకోవడానికి తీసి, మిగతావి వెచ్చగా, కాస్త తేమగా ఉండే నీడలో వారం పది రోజులు మాగబెట్టండి. గీతలు మానతాయి, పిండి కొంతకొంతగా తీపెక్కుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, చలికి లోపల గట్టిపడిపోతాయి.

ఈ రాత్రికి ఒక్క పని చెబుతున్నాను. పడుకునే ముందు మిషన్ కవరు తీసి, బాబిన్ నిండా దారం చుట్టి, సూదిలోకి దారం ఎక్కించి, నాలుగో వరస మొదటి రెండు గళ్లూ ఎదురెదురుగా పెట్టి మిషన్ పాదం కింద ఉంచండి. రేపు పొద్దున్న మేడ మెట్లు ఎక్కకుండా తిన్నగా అక్కడ కూర్చోండి.